ఎగ్జాస్ట్ హెడర్

ఎగ్జాస్ట్ హెడర్ అనగా మోటారు వాహన ఇంజినులోని సిలిండర్ల నుండి వెలువడే కాలిన వాయువులను విడివిడి గొట్టాల ద్వారా కొంతదూరం తీసుకొనిపోయి, చివరకు ఒకే గొట్టంలో కలిపే పరికరం. కర్మాగారం నుండి వచ్చే కార్లలో ఈ పనిని సాధారణంగా పోత ఇనుముతో చేసిన ఎగ్జాస్ట్ మానిఫోల్డు నిర్వహిస్తుంది. దానిని విప్పివేసి ఉక్కు గొట్టాలతో చేసిన హెడర్‌ను బిగించడం పాత కార్ల అభిమానులు ఇంజిను శక్తిని పెంచుకోవడానికి చేసే మార్పులలో మొదటిది. 1960లలో అమెరికాలో వచ్చిన మజిల్ కార్లతో ఈ అలవాటు ప్రసిద్ధి చెందినది. భారతదేశంలో అంబాసిడర్, కాంటెస్సా వంటి కార్లకు హెడర్లు బిగించడం కలదు. అయితే శక్తి ఎంత పెరుగుతుందన్న దానికంటే వేడి, శబ్దం, చట్టం అనే మూడు విషయాలు ఇక్కడ ఎక్కువ ప్రాముఖ్యత కలిగి ఉన్నాయి. పత్తి, మిరప పండే గుంటూరు, ప్రకాశం మైదానాలలో మొదటిది మరీ ముఖ్యం.

పని చేసే విధానం

సిలిండరులో ఇంధనం మండిన తరువాత ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకుంటుంది. కాలిన వాయువు అధిక పీడనంతో ఒక్కసారిగా బయటకు వస్తుంది. పోత ఇనుప మానిఫోల్డులో అన్ని సిలిండర్ల దారులు చాలా పొట్టిగా ఉండి వెంటనే కలిసిపోతాయి. అందువల్ల ఒక సిలిండరు నుండి వచ్చిన వాయువు పక్క సిలిండరు దారికి అడ్డుపడుతుంది. పిస్టన్ తన శక్తిలో కొంత భాగాన్ని ఈ వాయువును బయటకు నెట్టడానికే ఖర్చు చేయవలసి వస్తుంది.

హెడర్‌లో ప్రతి సిలిండరుకు వేరే గొట్టం ఉంటుంది. వాయువు ఆ గొట్టంలో వేగంగా సాగిపోయినపుడు దాని వెనుక పీడనం తగ్గుతుంది. కోస్తా వారికి అల్పపీడనం అనగానే బంగాళాఖాతం గుర్తుకు వస్తుంది. అది చుట్టుప్రక్కల గాలిని తనవైపు లాగినట్లే, గొట్టంలోని ఈ అల్పపీడనం సిలిండరులో మిగిలిపోయిన వాయువును కూడా లాగివేస్తుంది. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ కొద్దిసేపు కలిసి తెరిచి ఉండే సమయంలో ఈ లాగుడు కొత్త మిశ్రమం లోనికి రావడానికి కూడా తోడ్పడుతుంది.

ఇందులో గొట్టం పొడవు, వ్యాసం కీలకమైనవి. పొడవైన గొట్టాలు తక్కువ, మధ్యస్థ వేగాల వద్ద బలాన్ని ఇస్తాయి. పొట్టివి ఎక్కువ వేగం వద్ద పనిచేస్తాయి. వ్యాసం అవసరానికి మించి పెద్దదైతే వాయువు వేగం పడిపోయి, తక్కువ వేగంలో ఇంజిను మునుపటి కన్నా నీరసిస్తుంది. లావు గొట్టం వేస్తే శక్తి ఎక్కువ వస్తుందన్న నమ్మకం మెకానిక్‌లలో విస్తృతంగా ఉన్నది కానీ అది సరి కాదు.

నాలుగు సిలిండర్ల ఇంజినులో నాలుగు గొట్టాలనూ ఒకేచోట కలపవచ్చు, లేదా ముందు రెండేసి చొప్పున కలిపి తరువాత ఆ రెండింటినీ ఒకటి చేయవచ్చు. రెండవ పద్ధతిలో జ్వలన క్రమం 1-3-4-2 అయినపుడు 1వ దానిని 4తో, 2వ దానిని 3తో జతపరుస్తారు. అప్పుడు ఒక జతలోని రెండు పేలుళ్ళ మధ్య సమానమైన విరామం ఉంటుంది. అమెరికా వి8 ఇంజినులలో ఈ సౌలభ్యం లేదు. ఉదాహరణకు షెవ్రోలే వి8 జ్వలన క్రమం 1-8-4-3-6-5-7-2. ఇందులో బేసి సంఖ్యల సిలిండర్లు ఒకవైపు, సరి సంఖ్యలవి మరొకవైపు ఉంటాయి. అందుచేత ఒకవైపు 5, 7, రెండవవైపు 8, 4 వెంటవెంటనే పేలుతాయి. మజిల్ కార్ల గుడగుడ శబ్దానికి ముఖ్య కారణం ఈ అసమానతే.

చరిత్ర

1932లో ఫోర్డు సంస్థ సామాన్యులకు అందుబాటు ధరలో వి8 ఇంజినును ప్రవేశపెట్టినది. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత కాలిఫోర్నియా యువకులు ఇటువంటి పాత కార్లను చౌకగా కొని, పెరటి షెడ్లలో మార్చి, ఎండిన సరస్సుల మైదానాలలో పందేలు నిర్వహించేవారు. వారు స్వయంగా వంచి వెల్డింగు చేసుకున్న గొట్టాలే నేటి హెడర్లకు మూలం. 1950లలో వీటిని తయారుచేసి అమ్మే సంస్థలు వెలిశాయి.

1955లో వచ్చిన 4.3 లీటర్ల షెవ్రోలే వి8, 1964లో 6.4 లీటర్ల ఇంజినుతో వచ్చిన పాంటియాక్ జి.టి.ఓ. ఈ మార్కెట్టును పెంచాయి. అదే ఏడాది ఏప్రిల్‌లో ఫోర్డు మస్టాంగ్, దాని వెనుకే కమారో, ఛార్జర్, రోడ్ రన్నర్ వంటివి వచ్చాయి. 1970 నాటి అమెరికా స్వచ్ఛ వాయు చట్టం, 1973 చమురు సంక్షోభం ఈ యుగానికి తెర దించాయి. 1975 నుండి అక్కడి కొత్త కార్లలో క్యాటలిటిక్ కన్వర్టర్లు రావడంతో హెడర్ల తయారీపై కూడా కాలుష్య నిబంధనలు వర్తించాయి.

భారతీయ కార్లలో

భారతదేశంలో వి8 ఇంజిను గల సొంత తయారీ కారు ఆ కాలంలో లేదు. 1984 నుండి 2002 వరకు హిందుస్తాన్ మోటార్స్ తయారుచేసిన కాంటెస్సాను చాలామంది భారతీయ మజిల్ కారుగా పేర్కొంటారు. బ్రిటన్‌లోని వాక్స్‌హాల్ విక్టర్ ఎఫ్.ఇ. నమూనాపై ఆధారపడిన ఈ కారు పొడవైన ముక్కుతో, వెడల్పైన శరీరంతో అమెరికా కార్లను తలపిస్తుంది. రూపం అంతే; తొలి కాంటెస్సాలలో ఉన్నది అంబాసిడర్‌లోని 1489 సి.సి. ఇంజినే. తరువాత ఇసుజు వారి 1817 సి.సి. ఇంజిను వచ్చిన పిమ్మటే అది తన బరువుకు తగ్గట్లు పరుగెత్తగలిగింది. ఆ ఇసుజు ఇంజిను 1990ల తొలి సంవత్సరాలలో అంబాసిడర్‌కు కూడా చేరినది. అంబాసిడర్ ఉత్పత్తి 2014లో నిలిచిపోయినది.

అంబాసిడర్‌లోని 1489 సి.సి. ఇంజిను బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి-సిరీస్‌కు చెందినది. హెడర్ బిగించదలచిన వారు దీని నిర్మాణాన్ని గమనించాలి. సిలిండర్లు నాలుగైనా ఎగ్జాస్ట్ ద్వారాలు మూడే. 2, 3 సిలిండర్లు రెండూ మధ్య ద్వారం గుండానే వాయువును వదులుతాయి. కనుక ఈ ఇంజినుకు హెడర్ అంటే మూడు గొట్టాలది మాత్రమే; మధ్య గొట్టాన్ని మిగిలిన రెండింటితో ఎక్కడ కలపాలన్నదే రూపకల్పనలోని చిక్కు. పైగా ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ మానిఫోల్డులు రెండూ ఇంజినుకు ఎడమవైపునే ఒకదానికొకటి ఆనుకొని ఉంటాయి. ఎగ్జాస్ట్ వేడి ఇన్‌టేక్‌కు తగిలి పెట్రోలు బాగా ఆవిరి కావడానికి ఈ ఏర్పాటు చేశారు. హెడర్ వేస్తే ఆ వేడి చేరే తీరు మారిపోతుంది, కార్బురేటర్ మాత్రం వేడి గొట్టాలపైనే ఉండిపోతుంది.

ఇదే 1489 సి.సి. ఇంజిను 1955లో వచ్చిన ఎం.జి.ఎ. అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారులో రెండు కార్బురేటర్లతో సుమారు 70 అశ్వశక్తిని ఇచ్చేది. అంబాసిడర్‌లో అది 50 అశ్వశక్తి ప్రాంతంలోనే ఉండేది. ఈ తేడా కార్బురేటర్లు, కామ్‌షాఫ్ట్, పీడన నిష్పత్తి, ఎగ్జాస్ట్ అన్నింటి వల్ల వచ్చినది. మిగిలినవి మార్చకుండా హెడర్ ఒక్కటే వేస్తే దక్కేది కొద్దిపాటి అశ్వశక్తి మాత్రమే. శబ్దం పెరగడం వల్ల ఎక్కువ పెరిగినట్లు తోస్తుంది.

బిగించే పద్ధతి

పని ప్రారంభించడానికి ముందు ఇంజిను పూర్తిగా చల్లబడి ఉండాలి. బ్యాటరీ తీగను తప్పించి, కారును గట్టి నేలపై స్టాండ్‌లపై నిలపాలి. జాకీ ఒక్కదానిపై నిలిపిన కారు కిందకు దూరరాదు. ఈ ఒక్క తప్పు వల్ల మెకానిక్‌లు ప్రాణాలు కోల్పోయిన సందర్భాలు ప్రపంచమంతటా ఉన్నాయి.

దశాబ్దాలపాటు వేడెక్కి చల్లారిన స్టడ్‌లు, నట్లు తుప్పుతో పట్టేసి ఉంటాయి. మొత్తం పనిలో అతి కష్టమైన ఘట్టం ఇదే. రెండు మూడు రోజుల ముందు నుండి రోజూ తుప్పు వదిలించే నూనె వేయాలి. తరువాత పానాతో ఒక్కసారిగా బలం ప్రయోగించక, కొద్దిగా వదులు చేసి మళ్ళీ బిగిస్తూ నెమ్మదిగా విప్పాలి. అప్పటికీ కదలనిచో నట్టును మాత్రమే గ్యాస్ మంటతో వేడిచేస్తారు. ఆ సమయంలో పెట్రోలు గొట్టాలను తప్పించి ఉంచడం తప్పనిసరి. స్టడ్ హెడ్‌లో విరిగితే దానిని తొలచి తీసి కొత్త మర వేయవలసి ఉంటుంది, ఒక పూట పని వారం పనిగా మారుతుంది. విప్పిన పాత మానిఫోల్డును పారవేయరాదు. వాహనాన్ని అసలు స్థితికి తేవలసిన అవసరం వస్తే అది దొరకడం కష్టం.

మానిఫోల్డు తీసిన పిమ్మట సిలిండర్ హెడ్ ముఖాన్ని పాత గ్యాస్కెట్ ముక్కలు లేకుండా శుభ్రం చేయాలి. హెడర్ ఫ్లాంజిపై ఉక్కు స్కేలు పెట్టి చూసి, వెల్డింగు వేడికి అది వంగి ఉంటే సాపు చేయించాలి. స్థానికంగా చేయించిన హెడర్లలో ఈ లోపం చాలా సాధారణం. తరువాత గ్యాస్కెట్ లేకుండా ఒకసారి పెట్టి చూస్తారు. గొట్టం స్టీరింగు కడ్డీకి, స్టార్టరుకు, ప్లగ్ తీగలకు, బ్రేకు గొట్టాలకు, ఛాసిస్‌కు తగలరాదు. ఇంజిను నడిచేటపుడు రబ్బరు మౌంటుల మీద ఊగుతుంది కనుక తగలకపోవడం చాలదు, ఎడం కూడా ఉండాలి. ఎడమవైపు స్టీరింగు గల మజిల్ కార్లలో డ్రైవరు వైపు హెడర్ స్టీరింగు పెట్టె దగ్గర ఇరుక్కుంటుంది. ఇంజిను మౌంటు బోల్టు తీసి, ఇంజినును ఒకటి రెండు అంగుళాలు పైకెత్తి కింది నుండి దూర్చడం అక్కడ మామూలు. అంబాసిడర్‌లో స్టీరింగు కుడివైపు, ఎగ్జాస్ట్ ఎడమవైపు ఉన్నందున ఆ బాధ లేదు.

కొత్త గ్యాస్కెట్ పెట్టి అన్ని నట్లనూ ముందు చేతివేళ్ళతోనే ఎక్కించాలి. ఆపై మధ్యలో మొదలుపెట్టి రెండు చివరలకు పోతూ రెండు మూడు విడతలలో బిగించాలి. ఒక చివరన ముందే గట్టిగా బిగిస్తే రెండవ చివర కొద్దిగా లేచి, అక్కడ వాయువు కారుతుంది. ఎంత బలంతో బిగించాలో ఇంజిను పుస్తకాన్ని చూసి టార్క్ పానాతో చేయడం ఉత్తమం. పనిముట్లపై అతికించిన పైపు పొడవును బట్టి అంచనా వేసే అలవాటు ప్రమాదకరం. మొదటి రెండు మూడు సార్లు ఇంజిను వేడెక్కి చల్లారిన తరువాత నట్లు వదులవుతాయి. చల్లగా ఉన్నపుడు మళ్ళీ బిగించాలి. ఈ పని మరచినవారి కారులో కొద్ది వారాలకే టిక్కుటిక్కుమనే శబ్దం మొదలవుతుంది. అది గ్యాస్కెట్ వద్ద వాయువు కారుతున్నదనడానికి గుర్తు. ఆ వాయువులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు, వాసన లేవు. ఇంజిను గదికి, ప్రయాణికుల గదికి మధ్యనున్న రేకులో రంధ్రాలు గల పాత కార్లలో అది లోనికి చేరి ప్రాణాపాయం కలిగించగలదు.

చివరగా కార్బురేటర్‌ను సరిచేయాలి. వాయువు సులభంగా పోవడంతో ఇంజిను ఎక్కువ గాలి పీల్చుకొని మిశ్రమం పలచబడుతుంది. ప్లగ్ కొన తెల్లగా మాడినట్లుంటే పెట్రోలు తక్కువైనదని, లేత గోధుమ రంగులో ఉంటే సరిగా ఉన్నదని భావిస్తారు. పెద్ద జెట్ వేసి మిశ్రమాన్ని మరీ చిక్కన చేస్తే కార్బన్ మోనాక్సైడ్ పెరిగి కాలుష్య పరీక్షలో కారు తప్పిపోవచ్చు.

గుంటూరు, ప్రకాశం మైదానాలలో

పూర్వపు గుంటూరు, ప్రకాశం జిల్లాల మైదానాలు 2022 ఏప్రిల్ 4 నాటి పునర్విభజన తరువాత గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల పరిధిలోకి వచ్చాయి. ఇక్కడ పాత కార్ల మరమ్మతు పనులకు గుంటూరు ఆటోనగర్, కృష్ణకు ఆవల విజయవాడ ఆటోనగర్ ముఖ్య కేంద్రాలు. విదేశీ హెడర్లు ఈ కార్లకు తయారుగా దొరకవు కనుక స్థానికంగా గొట్టాలు వంచి చేయించుకోవలసిందే. గొట్టంలో పొడి ఇసుక దట్టించి వేడిచేసి వంచితే వంపు వద్ద నొక్కుకుపోదు. ముక్కలు కోసి అతికించే పద్ధతి సులభమే గానీ లోపల వెల్డింగు గడ్డలు మిగిలి వాయు ప్రవాహాన్ని అడ్డగిస్తాయి. అంత శ్రమకూ ఫలితం లేకుండా పోతుంది.

ఈ ప్రాంతపు వాతావరణం హెడర్‌కు అనుకూలం కాదు. పల్నాడులోని రెంటచింతల వేసవి ఎండలకు పేరు పొందినది. పోత ఇనుప మానిఫోల్డు మందంగా ఉండి వేడిని నిదానంగా వదులుతుంది. హెడర్ గొట్టాలు పలుచనివి. వాటి ఉపరితల వైశాల్యం కూడా ఎక్కువ. ఇంజిను పూర్తి భారంపై నడిచేటపుడు వాటిలోని వాయువు 800 డిగ్రీల సెల్సియస్ దాటవచ్చు. ఆ వేడి బానెట్ కింద నిలిచి, కార్బురేటర్‌లోని పెట్రోలు మరిగి, మధ్యాహ్నం వేళ కారు ఆగి తిరిగి అందుకోకపోవడం జరుగుతుంది. ఇన్‌టేక్‌కు, హెడర్‌కు మధ్య రేకు కవచం పెట్టడం దీనికి ఉపాయం. కొందరు గొట్టాలకు ఆస్బెస్టాస్ తాడు చుట్టిస్తారు. ఆస్బెస్టాస్ పీచు ఊపిరితిత్తుల క్యాన్సరుకు కారణమని నిర్ధారణ అయినందున దానిని వాడరాదు. గాజు పీచు పట్టీ చుట్టినా, వానకాలంలో అది తేమను పట్టి ఉంచి మామూలు ఉక్కు గొట్టాన్ని త్వరగా తుప్పు పట్టిస్తుంది. సిరామిక్ పూత ఖరీదైనదే అయినా మేలైనది.

వేడికంటే పెద్ద ప్రమాదం నిప్పు. పత్తి పింజె సుమారు 400 డిగ్రీల వద్ద దానంతట అదే అంటుకుంటుంది, నిప్పురవ్వ తగిలితే అంతకు చాలా ముందే రాజుకుంటుంది. జిన్నింగు మిల్లుల చుట్టూ, పత్తి బోరాలు తరలే దారులలో గాలికి లేచిన పింజె బానెట్ కింద చేరి గొట్టాల సందులలో పేరుకుంటుంది. పత్తి నిప్పు వెంటనే మంటగా కనిపించదు. లోలోపల గంటల తరబడి రాజుకొని తరువాత బయటపడుతుంది. మిరప కోతల కాలంలో, అనగా సుమారు ఫిబ్రవరి నుండి మే వరకు, పొలాలలోని కల్లాలలో కాయలు ఆరబోస్తారు. అక్కడికి వెళ్ళిన కారును ఎండిన గడ్డిపైన, పత్తికట్టె పైన, మిరప తొడిమల చెత్తపైన నిలపడం సహజంగా జరిగే పని. మానిఫోల్డు ఇంజిను పక్కనే పైన ఉంటుంది గానీ హెడర్ గొట్టాలు నేలకు దగ్గరగా దిగుతాయి. కనుక మామూలు కారు నిలిపినచోట ఏమీ కాకపోయినా, అదే చోట హెడర్ గల కారు కింద నిప్పు అంటుకోవచ్చు. ఒక సంవత్సరపు పంట మొత్తం ఆరబోసి ఉన్న కల్లంలో నిప్పు పడితే రైతుకు జరిగే నష్టం కారు ఖరీదుతో పోల్చదగినది కాదు. మిరపకాయ మండినపుడు వెలువడే ఘాటు పొగలో మంటలార్పడం కూడా కష్టం. హెడర్ గల కారును ఊడ్చిన నేలపైనే నిలపడం, వారానికొకసారి బానెట్ తెరచి పింజె, దుమ్ము దులపడం ఈ ప్రాంతంలో తప్పనిసరి.

నల్లరేగడి బురద మరొక సమస్య. చక్రాల నుండి ఎగిరిన తడిమన్ను కాలే గొట్టంపై పడి గట్టిగా అతుక్కుపోతుంది. మాటిమాటికీ ఇలా చల్లబడి వేడెక్కిన గొట్టం వెల్డింగు అతుకు వద్ద పగులుతుంది. గ్రామాల రోడ్లపై స్పీడ్ బ్రేకర్లకు గొట్టం అడుగు తగిలి నొక్కుకుపోవడం కూడా ఉన్నదే.

చట్టం

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషన్ ధ్రువపత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళకు చెందిన ఒక వ్యాజ్యంలో ఈ నిబంధనను గట్టిగా సమర్థించినది. అదే సంవత్సరం సెప్టెంబరు 1 నుండి అమలులోకి వచ్చిన సవరణల ద్వారా అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు గానీ, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ విధించవచ్చు. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలను ఉల్లంఘించి వాహనం నడిపితే మొదటిసారి మూడు నెలల వరకు జైలు లేదా 10,000 రూపాయల వరకు జరిమానా లేదా రెండూ ఉంటాయి.

1989 కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 120వ నియమం ప్రతి వాహనానికీ శబ్దాన్ని తగ్గించే సైలెన్సర్ ఉండాలని చెబుతున్నది. వ్యవసాయ ట్రాక్టర్లకు కూడా ఇది వర్తిస్తుంది. కాబట్టి హెడర్ బిగించినా సైలెన్సర్ తీసివేయడానికి వీలులేదు. ఆంధ్రప్రదేశ్ పట్టణాలలో మోటారు సైకిళ్ళ నుండి తీయించిన మార్పిడి సైలెన్సర్లను పోలీసులు రోడ్డు రోలరుతో తొక్కించడం పత్రికలలో తరచు కనిపించే దృశ్యం. ఇదే నియమావళి ప్రకారం ఎగ్జాస్ట్ గొట్టం పెట్రోలు గొట్టానికి 35 మిల్లీమీటర్ల లోపు ఉండరాదు. కార్బురేటర్, ఎగ్జాస్ట్ రెండూ ఒకేవైపు ఉన్న అంబాసిడర్‌లో ఈ కొలతను విస్మరించడం చాలా తేలిక. కారు నుండి వాయువులు కిందికి గానీ ఎడమవైపుకు గానీ పోరాదు, వెనుకకు లేదా కుడివైపుకు మాత్రమే పోవాలి. ముందు చక్రం వెనుకే ఎడమపక్కకు గొట్టం బయట పెట్టే పందెం కార్ల పద్ధతి దీనివల్ల చెల్లదు.

పాత కార్ల యజమానులకు మరొక చిక్కు కూడా ఉన్నది. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం తొలి రిజిస్ట్రేషన్ నుండి 50 సంవత్సరాలు నిండిన ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలకు వింటేజ్ హోదా కల్పిస్తూ నియమాలను సవరించినది. ఇటువంటి వాహనాల నంబరులో రాష్ట్ర సంకేతం తరువాత వి.ఎ. అనే అక్షరాలు వస్తాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000 రూపాయలు. అయితే వాహనం అసలు రూపంలో ఉండి, ఛాసిస్, బాడీ, ఇంజినులలో గణనీయమైన మార్పులు జరగకుండా ఉంటేనే ఈ హోదా లభిస్తుంది. 1970ల తొలి సంవత్సరాల అంబాసిడర్లు ఇప్పటికే ఈ వయస్సుకు చేరాయి. వాటికి హెడర్ ఉంటే తనిఖీలో అభ్యంతరం రావడానికి అవకాశం ఉన్నది. దాచి ఉంచిన పాత పోత ఇనుప మానిఫోల్డు అప్పుడు పనికివస్తుంది.